పదకొండు గంటల కూలి

ముందు తీపి వాసన.
బ్యాగులో చాక్లెట్ కరిగిందేమోనని వెతికాను.
పక్క సీటు కింద కార్పెట్‌ తడిమితే
జిగురు, నారింజ రంగు తడి.

ఎట్టోరే బానెట్ దించి
చేతులు తుడుచుకుంటూ చెప్పాడు:
"హీటర్ లోపలి చిన్న రేడియేటర్‌కి చిల్లి, సైమా.
వస్తువు తొంభై డాలర్లు.
దాని దగ్గరికి వెళ్ళడానికి పదకొండు గంటలు."
ముందు దాన్ని నేలమీద పెట్టి
దాని చుట్టూ కారు కట్టారట.
అంతా కలిపి పదిహేడు వందలు.
కారే రెండు వేలకి కొన్నాను,
అందులో రెండు చలికాలాలు అప్పుడే వాడేశాను.

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ
ఎలుక కోసం కొండకి గంటల లెక్కన అద్దె కట్టడం
ఇదే మొదలు.

"ఇంకో దారుంది" అన్నాడు.
హీటర్‌కి పోయే రెండు గొట్టాలూ ఊడదీసి
ఒకదానికొకటి బిగించేస్తే సరి.
పన్నెండు డాలర్లు.
"ఇంజనుకేం ఢోకా లేదు. నువ్వే..."
అక్కడ ఆపేసి బయటి మంచు కేసి చూశాడు.

పన్నెండు డాలర్లు ఇచ్చాను.

జనవరిలో థండర్ బే.
పొద్దున ఆరింటికి మైనస్ ముప్పై ఒకటి.
రూబెన్ స్నోమొబైల్ ప్యాంటు నా ప్యాంటు మీద,
ఒళ్ళో వేడినీళ్ళ సంచి, రెండో ఇంటికి చేరేసరికి చేపలా చల్లగా.
అద్దానికి లోపలి వైపు గీకడానికి
లైబ్రరీ కార్డు.
ఊపిరి నెమ్మదిగా వదలాలి, స్కార్ఫ్‌లోకి.
గట్టిగా నిట్టూర్చామా, రోడ్డు మాయం.

చలికి నేను ఓర్చుకోగలను. ఆ సంగతి ఒప్పుకుంటాను.
కానీ నా పని మనుషుల్ని స్నానం చేయించడం.
వాసిలిషిన్ గారి వీపు మీద చెయ్యి వేయగానే
ఆవిడ భుజాలు చెవుల దాకా వెళ్ళిపోయాయి.
ఏమీ అనలేదు. తొంభై మూడేళ్ళ మర్యాద.
ఆ రోజు నుంచి ఆవిడ సింకులో, ఆవిడ వేడినీళ్ళలో
ఆవిడకి కేటాయించిన నలభై నిమిషాల్లో
ఆరు నిమిషాలు నా చేతులకి.
ఆ ఆరు నిమిషాలు ఏ బిల్లులో రాయాలి?

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం
అద్దంలో నాకు మిగిలింది అరచేతంత కిటికీ.
ఆ కిటికీ ఒక్కసారిగా నీలమైంది.
మంచు తోసే లారీ, నా మీదికే.
తప్పు నాది. బ్రేకు, పక్కకి జారుడు,
ఎవరి ఇంటి ముందో గుట్టలోకి సగం కారు.
డ్రైవర్ దిగొచ్చి తాడు కట్టి లాగాడు,
"హీటర్ వేసుకో అమ్మా" అన్నాడు.

రాత్రి మందుల షాపు కాగితం వెనక
మళ్ళీ లెక్క మొదలెట్టాను.
తుక్కుకి అమ్మితే నాలుగు వందలు.
కకబెకా వైపు బస్సు పోదు.
అప్పు చేస్తే అసలు కంటే కొసరు బరువు.
అసలు ఇంతసేపూ నేను
వేడి ఖరీదు అనుకుంటున్నది
చూపు ఖరీదు.

ఎట్టోరే తల గోక్కున్నాడు.
"ఆదివారాలు షెడ్డు ఖాళీ. విప్పడం నువ్వు విప్పు.
గొట్టాల పని నాది. ఆరు వందలు."

రెండు ఆదివారాలు.
స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని,
నోట్లో టార్చి, మోచేతుల మీద గాట్లు.
ఒక్కో స్క్రూ గుడ్ల అట్టలో ఒక్కో గూట్లో,
పక్కన పెన్సిల్‌తో: ఎడమ, కుడి, దేవుడికే తెలుసు.
డ్యాష్‌బోర్డు ఊడి ఒళ్ళోకి వచ్చినప్పుడు
దాని వెనక ఒక పిప్పరమెంటు కాగితం,
ఇప్పుడు ఎక్కడా చెల్లని ఒక పెన్నీ.
నా ముందటి వాళ్ళవి.
పెన్నీని ఉన్నచోటే ఉంచాను.

అన్నీ బిగించాక
గుడ్ల అట్టలో రెండు స్క్రూలు మిగిలాయి.
ఎట్టోరే చూడకముందే జేబులో వేసుకున్నాను.

గడియారం పని చెయ్యడం లేదు.
అరవై దాటితే కుడివైపు ఎక్కడో గలగల.
పెన్నీయో, నా తప్పో.
వేడి గాలి అద్దం అడుగు నుంచి మెల్లగా పైకి పాకుతుంటే
ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాను,
పెట్రోలు కాలిపోతున్నా,
వాసిలిషిన్ గారి వాకిట్లో
చేతులు గ్లవ్స్ లోంచి తీసి.